తీగముడిలో దాచిన మాట

నాంబా జింపాచి చేతులు రెండు పనులు చేసేవి. ఎముకలు విరగ్గొట్టడం నేర్పేవి, విరిగిన ఎముకలు అతికించేవి. కురాషికికి అవతల చాపగడ్డి పండించే ఆ పల్లెల్లో జుజుత్సు అనే మల్లవిద్య నేర్పే గురువులంతా ఈ రెండు వృత్తులూ కలిపి చేసినవాళ్ళే కాబట్టి ఎవరూ దాన్ని వింతగా చూసేవారు కాదు. "పొద్దున విరగ్గొట్టి సాయంత్రం కట్టుకట్టే మహానుభావుడు" అని సాకే సారా అమ్మే కొట్టు దగ్గర నవ్వుకునేవారు, అంతే. ఆయన భార్య ఒతకి మాత్రం వెనకాల మాట్లాడే రకం కాదు. "విరగ్గొట్టించుకునేవాళ్ళు ఎటూ పోయారు, కట్టు కట్టించుకునేవాళ్ళే మిగిలారు. ఇంకా నయం, మీరు రెండోది కూడా నేర్చుకున్నారు" అని మొహం మీదే అనేది.

ఆ మాటలో అబద్ధం లేదు. టోక్యోలో ఒక పెద్దాయన పాత జుజుత్సు శాఖల దగ్గర నేర్చుకుని, ఒకచోట విసురు, ఒకచోట పట్టు ఏరుకుని, ప్రాణాలు తీసేవాటిని పక్కనపెట్టి, మిగిలినదానికి జూడో అని పేరు పెట్టాడు. పోలీసులు అదే కావాలన్నారు. బడుల్లో అదే కావాలన్నారు. కుర్రాళ్ళు అటే పరుగెత్తారు, ఎందుకంటే అక్కడ నిజంగా కలబడొచ్చు, నిజంగా గెలవొచ్చు. జింపాచికి ఒళ్ళు మండేది దానికి కాదు. విసరడంలో వాళ్ళు ఘటికులే, ఆయన ఒప్పుకునేవాడు. కానీ నేలమీద పడ్డాక గొంతు నొక్కడం, మోచెయ్యి వంచడం, మోకాలు మెలిపెట్టడం, ఎదుటివాడి చేత ఓడిపోయానని చాప తట్టించడం, ఇదంతా తమలాంటి వాళ్ళ ఇళ్ళలోంచి వెళ్ళినదే కదా. పాత శాఖలవాళ్ళు తమంతట తామే వెల్లకిలా పడుకుని "రండిరా అబ్బాయిలూ" అని పిలిస్తే, నిలబడి గెలవడమే తెలిసిన ఆ వీరులు తెల్లమొహం వేసుకుని చూసిన రోజులు ఆయన కళ్ళారా చూశాడు. నేర్చుకున్నది ఎవరి దగ్గరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, అదీ ఆయన బాధ.

జింపాచిది కసుమి శాఖ. దానికి పేరు తెచ్చింది తీగముడి. ఇద్దరూ నేలమీద ఉన్నప్పుడు ఎదుటివాడి కాలిని తన కాళ్ళతో చుట్టేసి, పాదాన్ని ఒడిసిపట్టి, మోకాలిని మెలిపెట్టే పట్టు అది. పట్టు వరకు అందరికీ చూపిస్తారు. దాని వెనక ఒక నోటి మాట ఉంటుంది. అది ఎక్కడా రాయరు, నలుగురిలో అనరు. శాఖ మొత్తం ఒక శిష్యుడికి అప్పగించే రోజున గురువు అతని చెవిలో చెబుతాడు. బయటివాళ్ళు అదేదో మహా ప్రమాదకరమైన రహస్యం అనుకునేవారు. నిజం చెప్పాలంటే అది ప్రమాదం తప్పించే మాట. "తొడను బిగించకు, వదులుగా ఉంచు." అంతే. ఎదుటివాడి తొడ కదలడానికి చోటుంటే మెలిక తుంటిదాకా పాకుతుంది, నొప్పి ముందే తెలుస్తుంది, దొరికినవాడు చాప తట్టి బతికిపోతాడు. తొడ బిగిస్తే మెలికంతా మోకాలి మీదే పడుతుంది. అప్పుడు నొప్పికంటే ముందు మోకాలే పోతుంది.

విరిచే విద్య అందరికీ ఇచ్చి, విరవకుండా ఆపే మాటను ఒక్కడికోసం దాచడమేమిటని ఎవరైనా అడగొచ్చు. కనికరించడం ఎవరికి పడితే వాళ్ళకు అప్పజెప్పే పని కాదని పాతవాళ్ళు గొప్పగా చెప్పేవారు. అసలు సంగతి అంతకంటే చాలా చిన్నది. చివరి మాట మిగిలి ఉన్నంతకాలం శిష్యుడు గుమ్మం వదిలి పోడు.

మరి జింపాచి విద్య నేర్పే ఆ డోజోలో, ఆ సాధనశాలలో, ఇన్నేళ్ళూ ఒక్క మోకాలైనా పోలేదే అంటే, దానికీ కారణం ఉంది. పాత శాఖల్లో ఓడిపోయే పని ఎప్పుడూ పెద్దవాడిదే. శిష్యుడు పట్టు వేస్తాడు, గురువు దొరికిపోతాడు. జింపాచి అంత అందంగా దొరికిపోయేవాడు ఆ చుట్టుపక్కల లేడు. శిష్యుడు తొడ బిగిస్తే, వాడికి తెలియకుండానే తన తుంటిని ఇంత జరిపి, కావలసిన వదులు తనే తెచ్చుకుని, సరైన సమయానికి చాప తట్టేవాడు. తమ పట్టు అద్భుతంగా కుదిరిందని కుర్రాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

అలా మురిసిపోయినవాళ్ళలో కాగెయమ రోకుసుకే ఒకడు. చాపగడ్డి రైతు రెండో కొడుకు. చిన్నప్పుడే వచ్చి చేరాడు, ఒతకి చేతి అన్నం తిని పెరిగాడు. అటువంటి చేతులు జింపాచి ఇంకెవరికీ ఉండగా చూడలేదు. పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు, విడిపించుకుందామంటే దారి దొరకదు. ఆ చివరి మాట వీడి చెవిలోనే చెప్పాలని ఆయన ఎప్పుడో అనుకున్నాడు. ఈలోగా వాడు ఒకాయమ పట్నం వెళ్ళి జూడో చూశాడు, ఇక ఉండలేకపోయాడు. ఇప్పుడు అక్కడి బడిలో జూడో మేష్టారు.

ఆ ఏడు గడ్డికోతల ఎండల్లో రోకుసుకే వచ్చాడు, ఒక చేత్తో తెల్ల పీచ్ పళ్ళ బుట్ట, ఇంకో చేత్తో నల్ల బెల్టుతో కట్టిన బట్టల మూట పట్టుకుని.

"ఏరా, దారి తప్పావా?" అన్నాడు జింపాచి, లేవకుండానే.

"దారి తప్పితే నా కాళ్ళు ఇక్కడికే వస్తాయి కదండీ గురువుగారూ."

"ఆ ఊళ్ళో నీకు తిండి పెట్టడం లేదేమిట్రా, మొహం ఇలా పీక్కుపోయింది?" అంటూ ఒతకి బార్లీ అన్నం, పులుపులో ఊరేసిన చిన్నచేపలు తెచ్చి ముందు పెట్టింది. "తిను ముందు. ఆయన తిట్లు ఎక్కడికీ పోవు, చల్లారినా రుచి మారవు."

తిన్నాక రోకుసుకే మోకాళ్ళ మీద సర్దుకుని కూర్చున్నాడు. "టోక్యో నుంచి పెద్ద మేష్టర్లు వస్తున్నారండీ, వరికోతలయ్యాక. నేల పట్లు చూసి, బాగున్నవి జూడోలో చేర్చుకుంటారట. నేను తీగముడి చూపిస్తానన్నాను. మీరు నడిచి రావడానికి వీలుంటుందని, పట్టుబట్టి కురాషికి పోలీసుల డోజోలోనే పెట్టించాను. కసుమి శాఖ వారి పట్టని పేరు చెప్పే వేస్తానండీ."

"ఇక్కడ వండింది పట్టుకెళ్ళి వాళ్ళ పళ్ళెంలో వడ్డిస్తావన్నమాట."

"ఇక్కడ తినేవాళ్ళు ఎవరున్నారండీ?" అనేసి, రోకుసుకే నాలుక కరుచుకున్నాడు. "తప్పయిపోయింది. అలా అనాల్సింది కాదు."

జింపాచి బుట్టలో పళ్ళు సర్దాడు. నిజం అన్నవాడిని ఏమంటాం?

"గురువుగారూ, ఒక్క మాట అడుగుతాను. నేను మధ్యలో వెళ్ళిపోయాను కదా. ఆ పట్టులో నాకు తెలియనిది ఇంకేమైనా మిగిలిపోయిందాండీ?"

ఇలాంటి ప్రశ్న అంత తిన్నగా ఎవరూ అడగరు. జింపాచి నాలుక చివరిదాకా వచ్చింది మాట. అప్పుడే ఆయన కన్ను ఆ మూట మీద పడింది. జూడోవాళ్ళిచ్చిన నల్ల బెల్టును తాడులా చుట్టి తెచ్చాడు, బహుశా ఇక్కడ కట్టుకోవడానికి మొహం చెల్లక. కానీ ఆయనకు అందులో వినయం కనబడలేదు, వేరే ఇంటి వస్తువు కనబడింది. చెబితే ఇంకేముంది? మాట కూడా ఆ మూటలోకే వెళ్తుంది. రేపటినుంచి ఈ గుమ్మం తొక్కడానికి వీడికి కారణమే ఉండదు.

"నీకివ్వాల్సింది అంతా ఇచ్చాను" అన్నాడు.

రోకుసుకే మొహం విప్పారింది. నుదురు చాపకు ఆనించి దండం పెట్టి, "అయితే ఒక్కసారి చూడండి, సరిగ్గా ఉందో లేదో" అన్నాడు. జింపాచి పడుకున్నాడు. రోకుసుకే కాళ్ళు ఆయన తొడను గట్టిగా బిగించాయి, మరీ గట్టిగా. వద్దురా అని అనడానికి అది ఇంకో అవకాశం. ఆయన తుంటి మాత్రం పాత అలవాటుకొద్దీ ఇంత పక్కకు జరిగింది, చెయ్యి చాప తట్టింది.

"బాగుందాండీ?"

"బాగుంది."

ఆ రోజు రానే వచ్చింది. జింపాచి వెళ్ళలేదు. నడుం పట్టేసిందని చెప్పి, అరుగు మీద కూర్చుని, ఎండబెట్టడానికి వగరు పర్సిమన్ పళ్ళు చెక్కు తీస్తూ ఉండిపోయాడు.

"పాపం, మీకోసమే ఇంత దగ్గరలో పెట్టించాడు. అక్కడ మీకోసం గుమ్మం వైపే చూస్తూ ఉంటాడు" అంది ఒతకి.

"చూడనీ. గుమ్మాలకేసి చూడడం ఎలా ఉంటుందో వాడికీ తెలియాలి."

"ఆ కోపం పండు మీద చూపించకండి" అంది ఆవిడ. ఆయన తీసిన చెక్కుకు సగం పండు పోతోంది.

మధ్యాహ్నం దాటాక వీధిలో కేకలు వినబడ్డాయి. నలుగురు మనుషులు ఊడదీసిన తలుపు చెక్క మీద ఒక కుర్రాణ్ణి పడుకోబెట్టి మోసుకొస్తున్నారు. ముందు కొస పట్టుకున్నవాడు రోకుసుకే. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎవరూ ఏమీ చెప్పకముందే జింపాచికి ఏం జరిగిందో తెలిసిపోయింది.

కుర్రాడి పేరు సుగెనో కియోహారు, రోకుసుకే బడిలో పై తరగతి విద్యార్థి, మేష్టారి పట్టుకు దొరికేవాడిగా వచ్చాడు. జూడోలో దొరికేది చిన్నవాడే మరి. జింపాచి వేళ్ళతో మోకాలి చుట్టూ తడిమాడు. లోపలి పక్క ఎముకల్ని కలిపి ఉంచే తంతువులు తెగిపోయాయి, మోకాలి చిప్ప తన చోట లేదు. తను అతికించగలిగింది ఇందులో సగమే. ఈ కుర్రాడు నడుస్తాడు, పరుగెత్తడు.

"మేష్టార్ని తిట్టకండి తాతగారూ" అన్నాడు కియోహారు, పెదవి కొరుక్కుంటూనే నవ్వబోయి. "నాకసలు నొప్పే తెలియలేదండీ. టప్పుమని చప్పుడైతే ఎవరి చెప్పో తెగిందనుకున్నాను. చూస్తే నా కాలే! తట్టాలని కూడా తోచలేదు."

జింపాచి తల ఎత్తకుండా కట్టు కట్టాడు. ఆ కుర్రాడు తనని తిడితే బాగుండుననిపించింది. తిట్టడానికి వాడికి కారణమే తెలియదు.

మిగతావాళ్ళు కుర్రాడి దగ్గర ఉండగా రోకుసుకే జింపాచి కూర్చున్న అరుగు ముందుకు వచ్చి, మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "టోక్యో వాళ్ళు తీగముడి వద్దన్నారండీ. మ్యాచ్‌ల్లో ఎవరూ వెయ్యకూడదట. కసుమి శాఖ అని మీ పేరు చెప్పి మరీ వేశాను, మీ పేరు చెడగొట్టాను."

"నా పేరు సంగతి వదిలెయ్."

"ఎలా వదిలేస్తానండీ? మీమీద ఎన్నిసార్లు వేశాను, ఒక్కసారైనా ఇలా అయిందా? పట్టులో తప్పు లేదు. నా చేతుల్లో ఉంది. నాది మొరటు చెయ్యి, మీరు జాలిపడి చెప్పలేదు." వాడు మాట కూడదీసుకున్నాడు. "బడి మానేస్తున్నాను గురువుగారూ. మీరు రానిస్తే మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటాను. రానివ్వకపోయినా గుమ్మం బయట కూర్చుంటాను."

జింపాచి ఏళ్ళ తరబడి కోరుకున్నది ఇదే. ఇంత అన్యాయమైన సమయంలో ఇంత సంతోషం ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. సిగ్గులేకుండా వచ్చింది. లోపల కుర్రాడు మూలుగుతున్నాడు, ఇక్కడ తన కొడుకులాంటివాడు తిరిగొచ్చాడు. ఒక్క మాట చెబితే వాడి తప్పు వాడి నెత్తిమీదనుంచి దిగిపోతుంది, వాడూ పోతాడు.

"రేపు పొద్దున్నే రా" అన్నాడు జింపాచి.

రోకుసుకే వచ్చాడు. రోజూ వచ్చాడు. తెల్లవారుజామున అన్నయ్యతో కలిసి మంచు కరిగిన మడిలో దిగి చాపగడ్డి నారు నాటేవాడు, ఆ పగిలిన చేతులతోనే వచ్చి డోజో తుడిచేవాడు. ఒతకి ఆనందం అంతా ఇంతా కాదు. మూడో పళ్ళెం పెట్టుకోవడంలో ఆవిడ నడుంనొప్పి కూడా మరిచిపోయింది. ఇంట్లో మళ్ళీ మాటలు వినబడుతున్నాయి. జింపాచి ఒక్కడే తిన్నది ఒంటబట్టనట్టు తయారయ్యాడు.

"వాడు లేనప్పుడు వాడికోసం చిక్కిపోయారు, వాడొచ్చాక కూడా చిక్కిపోతున్నారు. మీకు ఏది పడుతుందో చెప్పండి, అదే వండుతాను" అంది ఒతకి.

కట్టు మార్చుకోవడానికి కియోహారు వచ్చే రోజులు ఆయనకు మరీ కష్టంగా ఉండేవి. రోకుసుకే స్టేషనుకు వెళ్ళి కుర్రాణ్ణి వీపున వేసుకుని తెచ్చేవాడు. "గుర్రం బాగానే ఉంది కానీ మేష్టారూ, కాస్త వేగం తక్కువ" అని వాడు ఎగతాళి చేసేవాడు. దింపాక రోకుసుకే ప్రతిసారీ ఆ కుర్రాడి ముందు నుదురు నేలకు ఆనించి వంగేవాడు, ప్రతిసారీ వాడు కంగారుపడి "లేవండి మేష్టారూ, లేవండి" అనేవాడు. జింపాచి అటు చూడలేక గుడ్డలు చింపుతున్నట్టు అటు తిరిగేవాడు.

ఇలా ఎంతకాలమైనా గడిచేదే. అలా గడపాలనే ఆయన ఆశ కూడా. ఒకనాడు ఉదయం, పట్లు మొదలుపెట్టబోతుంటే, రోకుసుకే చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"నాకిక పట్లు వద్దండీ. కట్లు కట్టడం నేర్పండి, అది చాలు."

"అదేమిట్రా?"

"ఎవరిని పట్టుకున్నా ఆ చప్పుడే వినబడుతోంది. నిన్న మా అన్నయ్య కొడుకు ఎత్తుకోమంటే ఎత్తుకోలేకపోయాను, భయమేసింది." వాడు తన అరచేతులకేసి, ఎవరివో చూస్తున్నట్టు చూశాడు. "చేతులకు తెలివి ఉంటుందని మీరనేవారు. వీటికి లేదండీ."

జింపాచి జీవితంలో చూసిన చేతులన్నిటిలోకి తెలివైనవి అవి. ఆయన దాచిన మాటతో వాటిని చంపేస్తున్నాడు. కుర్రాడి మోకాలు పోయింది, ఇక రాదు. ఇవైనా పోకూడదు. తను ఒంటరిగా మిగిలిపోతానన్న భయం మొదటిసారి ఆయనకు చిన్నదిగా కనబడింది.

ఆయన వెళ్ళి చాప మధ్యలో పడుకున్నాడు. "తీగముడి వెయ్యి."

"వద్దండీ."

"వెయ్యరా అంటే!"

రోకుసుకే ఆయన పాదం పట్టుకుని కాళ్ళు చుట్టాడు. ఎప్పటిలాగే తొడ బిగుసుకుంది.

"తొడ వదులు చెయ్యి. ఇంకా. పిడికిలి దూరేంత ఖాళీ ఉండాలి. ఊఁ, ఇప్పుడు తిప్పు."

తిప్పాడు. జింపాచి తుంటిని జరపలేదు, తనని తాను కాచుకోలేదు. నొప్పి కాలి వెంట ఎగబాకి తుంటిలో భగ్గుమంది. ఆయన గట్టిగా అరిచి చాప తట్టాడు. మోకాలు మోకాలిలాగే ఉంది.

రోకుసుకే వదిలేసి వెనక్కి జరిగాడు. చేతులకు ముందు అర్థమైంది, మనిషికి తర్వాత. "ఇది... ఇది మీరీమధ్య కనిపెట్టారాండీ?" అన్నాడు. అవునంటే చాలు, నమ్మేద్దామన్నట్టుంది గొంతు.

జింపాచి లేచి కూర్చున్నాడు. "కాదు. మా గురువు నా చెవిలో చెప్పిన మాట. నీ చెవిలో చెబుదామని దాచాను."

"నేనడిగాను."

"అడిగావు."

"ఇదే చాప మీద కూర్చుని అడిగానండీ. ఏమైనా మిగిలిందా అని."

"అవును."

వాడు అరుస్తాడని జింపాచి ఎదురుచూశాడు, అరిస్తే బరువు కాస్త దిగేదేమో. "ఎందుకండీ?" అని మాత్రం అడిగాడు రోకుసుకే.

"చెప్పేస్తే నువ్విక రావనుకున్నాను."

"చెప్పుంటే ఎక్కడున్నా మీ దగ్గరికి వస్తూనే ఉండేవాణ్ణి గురువుగారూ" అన్నాడు రోకుసుకే. కోపంగా అనలేదు. ఊరికే, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు.

జింపాచి ముందుకు జరిగాడు. "టోక్యో వాళ్ళతో నేను మాట్లాడతాను. తప్పు నాదని, పట్టు వేసే తీరు ఇదీ అని చూపిస్తాను. మళ్ళీ చేర్చుకుంటారు."

"వద్దండీ. చూపిస్తే మళ్ళీ ఎవడో సగమే నేర్చుకుంటాడు. పోయేది వాడి మోకాలు కాదు కదా." రోకుసుకే లేచాడు. "కియోహారు వచ్చే రైలుకు వేళయింది. నేను వెళ్తాను. వాడికి నేనే చెబుతాను, మీరు చెప్పకండి. మీరు చెబితే, పాపం, వాడు మొహమాటపడి మిమ్మల్ని క్షమించేస్తాడు. ఇక వాడి కట్టు నేనే కడతాను. చూసి నేర్చుకున్నాను."

గుమ్మం దగ్గర ఆగి, వెనుదిరిగి, శిష్యుడు గురువుకు ఎంత వంగాలో అంతా వంగి దండం పెట్టాడు. ఒక్క మర్యాద కూడా తగ్గించలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఒతకి మూడు పళ్ళేలు తెచ్చి, ఇటూ అటూ చూసింది. "రోకుసుకే తినకుండానే వెళ్ళాడేం? సాయంత్రం వస్తాడా?"

"రాడు."

"రేపు?"

జింపాచి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "మళ్ళీ ఏమన్నారండీ వాణ్ణి?"

"ఏమీ అనలేదే" అన్నాడు జింపాచి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అనాల్సిన రోజున అనలేదు."